మా క్వయర్ కుర్రాడు మాత్రలు మానేశాడు.. సంఘంగా మేమేం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి వందనాలు. మాది గుంటూరు దగ్గర పల్లె. మా సంఘంలో స్త్రీల సమాజం పనులు నేను చూస్తుంటాను. క్వయర్‌లో డ్రమ్స్ వాయించే అబ్బాయికి 22 ఏళ్లు. వాళ్ల నాన్న కౌలుకు మిర్చి వేస్తాడు. డిగ్రీ అయ్యాక అబ్బాయికి రెండుసార్లు ఉద్యోగ పరీక్షలు పోయాయి. నాలుగు నెలలుగా గదిలోంచి బయటికి రాడు, నిద్ర లేదు, అన్నం సరిగా తినడు. సైకియాట్రిస్ట్‌కి చూపిస్తే డిప్రెషన్ అని మాత్రలు రాశారు. పది రోజులు వేసుకుని, గుణం లేదని మానేశాడు. విశ్వాసం తగ్గి ఇలా అయిందని కొందరు, గాలి సోకిందని కొందరు అంటున్నారు. మూడు వారాలు ఉపవాస ప్రార్థన పెడదామని పెద్దలు అనుకుంటున్నారు. మొన్న వాళ్లమ్మతో "నేను లేకపోతే మీకు ఒక బాధ తగ్గుద్ది" అన్నాడట. మా పాస్టర్ అయ్యగారు "మనం చేయగలిగిందేంటో ఒకసారి డాక్టర్ని అడుగమ్మా" అన్నారు. డిసెంబర్‌లో సెమీ క్రిస్మస్‌కి డ్రమ్స్ వాయించమని పిలవొచ్చా?
- ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మిగతా సంగతులన్నీ తర్వాత. "నేను లేకపోతే" అన్న మాట చదివాక, ఇది అచ్చయ్యేదాకా ఆగకూడదని మీకు ఆరోజే విడిగా జవాబు పంపాను. ఇలాంటి మాట విని ఊరుకున్న ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి అందరి కోసం మళ్లీ రాస్తున్నాను.

ఆ మాటను ఏదో విసుగులో అన్నాడులే అని వదిలేయకండి. వాళ్లమ్మో, అతనికి చనువున్న మీలో ఒకరో పక్కన కూర్చుని సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. ఇన్నాళ్లూ ఎవరూ అడగని మాట ఒకరు అడిగినందుకు చాలామందికి బరువు దిగుతుంది. అవునంటే మాత్రం "అది పాపం కదయ్యా" అని మొదలుపెట్టకండి. సండే స్కూల్ నుంచి వింటున్నాడు, ఆ సంగతి అతనికి తెలుసు. చెప్పింది వినండి, ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అర్ధరాత్రయినా గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) క్యాజువాలిటీ ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకో పని ఈ రోజే చేయాలి. మిర్చి వేసే ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వసారాలో, మంచం కింద, గోడకు తగిలించిన సంచిలో. దాన్ని సంఘ పెద్దల్లో ఒకరు తీసుకెళ్లి తమ ఇంట్లో తాళం వేసి పెట్టాలి. పిచికారీ రోజున వాళ్ల నాన్న వచ్చి పట్టుకెళ్తాడు. చాలామందిలో ఆ తెగింపు కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు మందు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. ప్రార్థనతో పాటు మీ సంఘం చేయగలిగిన పనుల్లో దీన్ని మించింది నాకు కనపడటం లేదు.

పోలీసు కేసవుతుందని కొన్ని ఇళ్లలో ఇలాంటివి దాచిపెడతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, దానికి శిక్ష వేయకూడదు. ఆ భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు.

ఇక మాత్రల సంగతి. డిప్రెషన్ మాత్ర జ్వరం మాత్రలాంటిది కాదు, వేసుకున్న గంటకు పనిచేయదు. గుణం తెలియడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఆరు వారాలు. కానీ వికారం, కడుపులో తిప్పడం, కాస్త గాబరా లాంటివి మొదటి వారంలోనే వస్తాయి. అంటే ముందు ఇబ్బంది కనిపిస్తుంది, తర్వాత మేలు కనిపిస్తుంది. మీ అబ్బాయి సరిగ్గా ఆ మధ్యలో మానేశాడు. పైగా పాతికేళ్ల లోపు వాళ్లలో మొదలుపెట్టిన తొలి వారాల్లో అలజడి, చావు ఆలోచనలు పెరిగే అవకాశం కొంత ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి, డాక్టర్ని త్వరగా మళ్లీ కలవాలి. పాత చీటీతో మళ్లీ మొదలుపెట్టకుండా ముందు డాక్టర్ని కలవమనండి. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాల్సి ఉంటుంది. "ఇవి అలవాటైపోతాయట" అని ఎవరో ఒకరు అంటారు. అలవాటయ్యేవి కొన్ని రకాల నిద్రమాత్రలు. డిప్రెషన్‌కిచ్చేవి అలాంటివి కావు. అయితే ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి కాబట్టి నెమ్మదిగా తగ్గిస్తాం.

ఒకసారి నా ఓపీకి ఒక తల్లి కొడుకుని తీసుకొచ్చింది. మందులు వేస్తున్నావామ్మా అంటే తల ఊపింది. రిపోర్టులు చూపించమంటే సంచిలోంచి బైబిల్ తీసి, పైన తొడిగిన కవరు జిప్పు లాగింది. రిపోర్టుతో పాటు మూడు మాత్రల షీట్లు టేబుల్ మీద పడ్డాయి. ఒక్క గుంట కూడా చిరగలేదు. నేనేమీ అనకముందే ఆమె ఏడ్చేసింది. "మాత్ర వేస్తే నా ప్రార్థన మీద నాకే నమ్మకం లేనట్టు అవుద్దని మా వాళ్లు అన్నారండీ" అంది. అలా అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు, అదే ఇంటికి ఆ నెలంతా బియ్యం పంపినవాళ్లు. కానీ ఆ ఒక్క మాటకి ఆ కుర్రాడి నెల పోయింది.

అందుకని "విశ్వాసం తక్కువ" అనే మాట మీ ఆవరణలో ఎవరి నోటా రాకుండా చూడమని అయ్యగారికి నా విన్నపం. ప్రసంగంలో ఆయన ఒక్కసారి "షుగరుకు మందు వేసుకున్నట్టే దీనికీ వేసుకోవాలి" అంటే, నేను వందసార్లు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. ఏలీయా కథ మీకు నేను చెప్పేదేముంది. అంతటి ప్రవక్త చెట్టు కింద కూలబడి ఇక నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత తిట్టలేదు, బోధ చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్లు పెట్టాడు. డాక్టరుగా ఆ క్రమం నాకు చాలా నచ్చుతుంది. అసలు గుంటూరు సంఘాలకు వైద్యం పరాయిదేమీ కాదు. 1883లో అమెరికా నుంచి ఇక్కడికొచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను పంపింది లూథరన్ మిషనే. ఆమె పేరు మీద ఉన్న ఆసుపత్రి మీకు తెలిసిందే.

ఉపవాస ప్రార్థన పెట్టుకోండి, కానీ ఉపవాసం మీరుండండి, అబ్బాయి చేత ఉంచకండి. సరిగా తినక నీరసించిన మనిషి అతను. రాత్రంతా సాగే ప్రార్థనకు కూడా అతన్ని కూర్చోబెట్టొద్దు. ఈ మాట మిగతావాళ్లకూ పనికొస్తుంది: బైపోలార్ (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు దిగులు) ఉన్నవాళ్లకు ఒకటి రెండు రాత్రులు నిద్ర తప్పితేనే జబ్బు తిరగబెట్టవచ్చు. ఆ జబ్బుకిచ్చే లిథియం వాడేవాళ్లు నీళ్లు, ఉప్పు మానేసి ఉపవాసం చేస్తే రక్తంలో మందు మోతాదు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస రోజులు మొదలయ్యేముందు డాక్టర్‌ని అడిగి తీరాలి. విజయవాడ గుణదల మేరీమాత తిరునాళ్లకి ఫిబ్రవరిలో వెళ్లే పేషెంట్లకి నేను చెప్పేది ఒకటే: కొండెక్కండి, మొక్కు తీర్చుకోండి, మాత్రలు మాత్రం సంచిలో కాకుండా చొక్కా జేబులో పెట్టుకోండి. ఆ జనంలో సంచీ ఎవరి దగ్గరుందో రాత్రికి తెలియదు.

ఇప్పుడు అసలు నాకు భయమున్న విషయం, మైకు. ఆదివారం ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు ఈ అబ్బాయి పేరు, జబ్బు పేరు చదివారా? లేదా యూత్ వాట్సాప్ గ్రూపులో పెట్టారా? ప్రేమతోనే పెడతారు. మధ్యాహ్నానికి అది పక్క వీధికి వెళ్తుంది, సాయంత్రానికి పెళ్లి సంబంధాల దాకా వెళ్తుంది. గదిలోంచి రానివాడు ఆ తర్వాత గుడి గుమ్మం కూడా తొక్కడు. అతను స్వయంగా సరే అంటే తప్ప పేరు చెప్పకండి. "మన సంఘంలో కష్టంలో ఉన్న ఒక కుటుంబం" అంటే చాలు, దేవుడికి చిరునామా అక్కర్లేదు. బాగయ్యాక సాక్ష్యం చెప్పమని తొందరపెట్టడం కూడా అంతే. చెప్పాలనిపిస్తే అతనే అడుగుతాడు.

పేరు చెప్పకుండా సాయం ఎలా అంటే, మీ సంఘానికి బాగా వచ్చిన పనే చేయాలి, ఇంటికి వెళ్లడం. కాలు విరిగితే మీరేం చేస్తారు? క్యారేజీ పట్టుకెళ్తారు, ఆసుపత్రికి తోడెళ్తారు, వాళ్లావిడ కాసేపు పడుకుంటే కాపలా ఉంటారు. ఇక్కడా అదే. తేడా ఒకటి, పదిమంది కలిసి వెళ్లొద్దు. ఇద్దరు చాలు, వారంలో రెండుసార్లు, ఒకే మనుషులు. మంచం చుట్టూ నిలబడి చేతులుంచి గట్టిగా ప్రార్థించడం కొందరికి ధైర్యం, కొందరికి ఊపిరాడదు. "ప్రార్థన చేయనా?" అని ముందు అడగండి, వద్దంటే నొచ్చుకోకండి. అతనితో క్రికెట్ మాట్లాడండి, లేదా ఏమీ మాట్లాడకండి. "ధైర్యంగా ఉండు" అనొద్దు, ఉండగలిగితే ఉండేవాడే. "సోమవారం ఓపీకి నేను బండి తెస్తాను, ఎనిమిదికల్లా తయారవ్వు" అనండి. చాలామంది రెండోసారి డాక్టర్ దగ్గరికి రాకపోవడానికి కారణం జబ్బు కాదు. ఆటో డబ్బులు, కూలి పోవడం, క్యూలో నిలబడే ఓపిక లేకపోవడం. వాళ్లమ్మని కూడా మర్చిపోవద్దు. నాలుగు నెలలుగా ఆమె కూడా పడుకుని ఉండదు.

గాలి, దురాత్మ అనేవాళ్లతో నేను వాదనకు దిగను. ఓపీలో నలభై మంది ఉన్నప్పుడు అంత తీరిక ఉండదు. ఒకటే అడుగుతాను: ప్రార్థన చేసుకుంటూనే ఈ వారం చూపించండి, రెండింటికీ గొడవ లేదు. ఎవరికీ వినపడని మాటలు వినపడుతున్నాయన్నా, రాత్రుళ్లు నిద్రలేకుండా హుషారుగా తిరుగుతున్నా, కాన్పయిన కొద్దిరోజులకే బాలింత మాట తేడాగా ఉన్నా వారం కూడా ఆగకండి. గొలుసు వేయడం, కొట్టడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర స్వస్థత కోసం ఉంచిన మానసిక రోగులున్న షెడ్డుకి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. ఇప్పుడు గొలుసు వేయడం 2017 చట్టం ప్రకారం నిషేధం.

మీరు ఒక్క అబ్బాయి గురించే రాశారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. మీ ఆరాధనకు రెండొందల మంది వస్తే లెక్క మీరే వేసుకోండి. ఈ అబ్బాయి విషయంలో మీరెలా నడుచుకుంటారో మిగతావాళ్లు గమనిస్తూనే ఉంటారు.

సెమీ క్రిస్మస్‌కి పిలవొచ్చా అన్నారు. పిలవండి, కానీ "నువ్వు లేకపోతే ప్రోగ్రామ్ లేదు" అని పిలవొద్దు. అది అతని మీద ఇంకో పరీక్ష అవుతుంది. వేరే కుర్రాడు డ్రమ్స్‌కి సిద్ధంగా ఉండాలి. ఇతను ప్రాక్టీస్‌కి వచ్చి కూర్చుంటే చాలు, తలుపు పక్కన, స్పీకర్ బాక్సుకి దూరంగా. మొదటిరోజు వైర్లు చుట్టి వెళ్లిపోతాడేమో, వెళ్లనివ్వండి. ఇంకో రోజు స్టిక్స్ తనే తీసుకుంటాడేమో, అప్పుడు అందరూ తిరిగి చూసి చప్పట్లు కొట్టకండి. రాత్రి మాత్ర తొమ్మిదింటికి ఉంటే ప్రాక్టీస్ ఎనిమిదిన్నరకు ముగించి, ఇంటిదాకా ఒకరు తోడు వెళ్లండి.