టెస్టులన్నీ పాస్, అయినా ట్రాఫిక్ ఆగట్లేదంటే

మీరు అడిగింది ఇదీ: మీ ఇంజిన్ (మీ ప్రోగ్రామ్) కుబర్నెటిస్ (యాప్‌లను చాలా మెషీన్ల మీద నడిపే వ్యవస్థ) నెట్‌వర్క్ పాలసీలు, అంటే ఎవరు ఎవరికి కనెక్ట్ కావచ్చో చెప్పే రూల్స్, తనే రాస్తోంది, డమ్మీ సర్వీసులతో టెస్టులన్నీ పాస్, తీరా అసలు క్లస్టర్‌లో (ఆ మెషీన్ల గుంపులో) పేమెంట్స్ పాడ్‌కి (యాప్ నడిచే చిన్న యూనిట్‌కి) ఎవరుపడితే వాళ్లు కనెక్ట్ అయిపోతున్నారు, అంతేగా? మీ టెస్ట్ కోడ్ కనెక్షన్ కుదరకపోతే చాలు బ్లాక్ అయిందని లెక్కేస్తోంది. తేడా అక్కడే కొడుతోంది. డమ్మీ సర్వీస్ ఆ పోర్టులో వినకపోయినా కనెక్షన్ కుదరదు కదండీ! రిఫ్యూజ్డ్ అని వెంటనే వస్తే చాలావరకు అవతల ఎవరూ వినట్లేదని అర్థం, పాలసీ ఆపితే మామూలుగా ప్యాకెట్ డ్రాప్ అయి టైమౌట్ వస్తుంది. కాబట్టి పాలసీ పెట్టకముందు కనెక్ట్ కావాలి, పెట్టాక ఆగాలి, తీసేస్తే మళ్లీ కనెక్ట్ కావాలి, ఈ మూడూ చూశాకే పాస్ అనండి.

ఇక అసలు లీకు సంగతి. మీరు ప్రశ్నతో పాటు పెట్టిన యామెల్‌లో (పాలసీ రాసే ఫైల్‌లో) ఫ్రమ్ కింద, అంటే ఎవరిని రానివ్వాలో చెప్పే చోట, నేమ్‌స్పేస్ (పాడ్‌లను విడదీసి పెట్టే విభాగం) సెలెక్టర్‌కీ, లేబుల్ చూసి పాడ్‌ని ఎంచే పాడ్ సెలెక్టర్‌కీ విడివిడిగా హైఫన్ ఉంది. అలా ఉంటే రెండిట్లో ఏది కుదిరినా లోపలికి రానిస్తుంది, అంటే ఆ నేమ్‌స్పేస్ మొత్తానికీ తలుపు తీసినట్టే! రెండో హైఫన్ తీసేస్తే రెండూ కుదరాలి. ఇది పట్టుకోవాలంటే అదే నేమ్‌స్పేస్‌లో వేరే లేబుల్‌తో ఇంకో డమ్మీ పాడ్ పెట్టి అక్కడినుంచి కొట్టి చూడండి, మీ సెటప్‌లో లేనిది అదే.

టెస్ట్ క్లస్టర్‌లో పాడ్‌లను నెట్‌వర్క్‌తో కలిపే ప్లగిన్‌గా ఫ్లానెల్ ఒక్కటే ఉంటే మాత్రం పాలసీలు అసలు అమలే కావు, పాలసీలు అమలుచేసే కాలికో లాంటి ప్లగిన్ పెట్టుకోండి. ఈగ్రెస్ (పాడ్ నుంచి బయటికెళ్లే ట్రాఫిక్) మొత్తం మూసేస్తే పోర్ట్ 53 తెరవడం మరవకండి, లేదంటే డీఎన్ఎస్ (పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చేది) ఆగిపోయి అన్నీ బ్లాక్ అయినట్టే కనిపిస్తాయి.