కణితి ముందు టి కణం ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: రోగనిరోధక కణాలు ఉండగానే క్యాన్సర్ కణితి ఎలా పెరుగుతుంది? రోగనిరోధక కణాలను కణితిపైకి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ చికిత్స అందరికీ ఎందుకు పనిచేయదు?

జవాబు: దాడికి వచ్చిన టి కణం (ఒక రకం రోగనిరోధక కణం) మీద ఉండే పీడీ-1 అనే ప్రోటీనుకు కణితి కణం తన పీడీ-ఎల్1 అనే ప్రోటీనును తగిలించి దాని జోరును తగ్గిస్తుంది. పీడీ-1ను 1992లో జపాన్‌లో తసుకు హోంజో బృందం గుర్తించింది. టి కణాన్ని ఆపే సీటీఎల్ఏ-4 అనే మరో కళ్లేన్ని యాంటీబాడీతో (దానికి అతుక్కునే ప్రోటీనుతో) అడ్డుకుంటే ఎలుకల్లో కణితులు తగ్గుతాయని 1996లో అమెరికాలో జేమ్స్ ఆలిసన్ బృందం చూపింది. వీరిద్దరికీ 2018లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే, కళ్లెం విప్పినంత మాత్రాన చాలదు, పరుగెత్తడానికి గుర్రం ఉండాలి కదా! టి కణాలే చొరబడని కణితుల్లోనూ, పరాయివని పసిగట్టదగ్గ మార్పులు తక్కువగా ఉన్న కణితుల్లోనూ ఇలా కళ్లెం విప్పే ఇమ్యూనోథెరపీ మందులు చాలావరకు నిష్ఫలమవుతాయి. పైగా, అదుపు తప్పిన టి కణాలు ఒక్కోసారి పేగులపైనో, థైరాయిడ్‌పైనో దాడిచేస్తాయి కనుక, చికిత్స పొందుతున్నవారు విడవని విరేచనాలను తేలికగా తీసుకోకుండా వెంటనే వైద్యులకు చెప్పాలి.