తొట్టి నీళ్లు తుప్పు రంగుకి తిరిగాయి: అది లివర్‌లో విషమేనా?

అడిగింది క్లుప్తంగా ఇది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉచిత డీటాక్స్ క్యాంపు పెట్టారు. 64 ఏళ్ల నాన్నగారికి సుగరు, బీపీ ఉన్నాయి. ఆయన్ని అరగంట సేపు ఉప్పునీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టి కూర్చోమంటే నీళ్లు తుప్పు రంగుకి తిరిగాయి. అది లివర్‌లో పేరుకున్న విషమని చెప్పి 21 రోజుల ప్యాకేజీ అంటగట్టారు: పొద్దున్న ఆనపకాయ, కాకరకాయ కలిపిన జ్యూసు, మధ్యాహ్నం కూడా జ్యూసే, రాత్రి ఒక చూర్ణం, ఆఖర్న లివర్ ఫ్లష్. నాలుగు రోజులైంది, కిలోన్నర తగ్గారు, ఒళ్లు తేలిగ్గా ఉందంటున్నారు. కొనసాగించవచ్చా?

తుప్పు రంగు అన్నారు కదా, అది తుప్పే. నాన్నగారి ఒంట్లోంచి కాదు, తొట్టిలో వేలాడేసిన, కరెంటు పారే ఇనుప చుట్టలోంచి వచ్చింది. నా మాట నమ్మక్కర్లేదు, ఇంట్లో చేసి చూడండి.

గాజుగ్లాసు, 9 వోల్టుల చదరపు బ్యాటరీ, రెండు మామూలు ఇనుప మేకులు, రెండు వైరు ముక్కలు, చెంచాడు ఉప్పు చాలు. ఉప్పు కలిపిన నీళ్లలో మేకులు ఒకదానికొకటి తగలకుండా చెరో పక్కా ముంచి, వైర్లతో బ్యాటరీకి కలపండి. మైనస్‌కి కలిపిన మేకు చుట్టూ వెంటనే బుడగలు లేస్తాయి, అది హైడ్రోజన్. ప్లస్ మేకు దగ్గర పెద్దగా హడావుడి కనిపించదు గాని, కరుగుతున్నది ఆ మేకే. కాసేపటికి పచ్చటి మడ్డి, తర్వాత నారింజ, ఆ తర్వాత కాఫీ రంగు. అరగంట ఆగి ప్లస్ మేకు తీసి తుడిస్తే గరుగ్గా, గుంటలు పడి ఉంటుంది. బీచ్ నుంచి బాటిల్లో సముద్రపు నీళ్లు తెచ్చుకుంటే ఉప్పు కూడా వేయక్కర్లేదు.

జాగ్రత్తలు మూడు. గోడ ప్లగ్గు కరెంటు జోలికి పోవద్దు. స్టీలు చెంచాలు వాడొద్దు, క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. కిటికీ తీసి ఉంచండి, కొంచెం క్లోరిన్ వస్తుంది.

ఇప్పుడు మేకులు తీసేసి, రెండు పెన్సిళ్లు రెండు కొసలా చెక్కి, ములుకులతో ఇదే పని చేయండి. బుడగలొస్తాయి, బ్లీచింగ్ వాసనొస్తుంది, తుప్పు రంగు మాత్రం రాదు. కాళ్లు రెండుసార్లూ లేవు, మారింది ఇనుమొక్కటే.

క్యాంపుల్లో చూపించే రంగుల చార్టు కూడా ఈ ఇనుము గోలే. పచ్చ వస్తే పిత్తాశయం, నారింజ అయితే కీళ్లు, నలుపైతే లివర్ అని రాసుంటుంది. ఇనుము సగం తుప్పు పడితే పచ్చ, పూర్తిగా పడితే నారింజ, గాలి సరిగ్గా అందకపోతే నల్లటి రేణువులు. పైన తేలే తెల్ల నురగ బుడగలూ, కాలి మురికీ, సబ్బూ. ఉప్పు ఎక్కువేస్తే కరెంటు ఎక్కువ పారి రంగు చిక్కబడుతుంది, తక్కువేస్తే పలచబడుతుంది. మొదటి రోజు గుప్పెడు, ఆఖరి రోజు చిటికెడు వేస్తే "చూశారా, విషమంతా పోయింది" అనేయొచ్చు. ఆ ఇనుప చుట్ట కొన్నాళ్లకి అరిగిపోయి కొత్తది కొనాల్సి వస్తుంది. విషం మనిషిలోంచి వస్తుంటే చుట్ట ఎందుకు అరుగుతోందో ఒక్కసారి అడిగి చూడండి.

రాత్రి పాదాలకి అంటించుకునే ప్యాడ్లు కూడా ఈ తీరే. అందులో ఉండే కట్టె వెనిగర్ పొడి చెమట తగిలితే నల్లబడుతుంది, మరిగే గిన్నె ఆవిరి పట్టినా నల్లబడుతుంది. అమెరికాలో వీటిని అమ్మినవాళ్ల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే కేసు పెట్టింది. మన పల్లెల్లో పచ్చకామెర్లకి చేతులు కడిగించే తంతు వీటన్నిటికీ తాత. ముందు చేతులకి మామిడి బెరడు రసం రాస్తారు, తర్వాత సున్నపు తేటతో కడిగిస్తారు, నీళ్లు పసుపుపచ్చగా దిగుతాయి. కామెర్లు లేనివాళ్ల చేతుల్లోంచీ దిగుతాయి. ఏ–రకం హెపటైటిస్ చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది కాబట్టి పేరు పసరుకి, చేతులు కడిగినవాడికి దక్కుతుంది.

ఇలాంటివి ఎవరు చెప్పినా ఆ విషం పేరేమిటి, ముందు ఎంత ఉంది, తర్వాత ఎంతకి తగ్గింది అని అడగండి. పేరు చెప్పారా, రక్తంలో కొలవొచ్చు. సీసం, పాదరసం, యూరియా, బిలిరుబిన్ అన్నిటికీ పరీక్షలున్నాయి. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడగట్టి, అందులో లీటరున్నర, రెండు లీటర్లు మూత్రంగా పంపుతాయి. అరికాలి చర్మం అలాంటి జల్లెడ కాదు, లోపలివి లోపల, బయటివి బయట ఉంచడానికి ఉన్న గోడ.

తొట్టి వల్ల నాన్నగారికి హాని ఉందంటే అది సుగరు వల్ల. స్పర్శ తగ్గిన పాదాలకి నీళ్ల వేడి తెలీదు, బొబ్బలెక్కాక తెలుస్తుంది. పది మంది కాళ్లు పెట్టిన తొట్టిలో వేళ్ల సందుల్లో ఫంగస్ అంటుకోవడం కూడా మామూలే. ఈ రాత్రే టార్చి వేసి అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి.

ఇంతకంటే భయపడాల్సింది ప్యాకేజీ గురించి, అదీ ఆయన వేసుకునే మాత్రలతో కలిసినప్పుడు. మాత్రల పేర్లు మీరు రాయలేదు గనక ఈ వయసులో ఎక్కువగా రాసేవి పట్టుకుని చెబుతాను.

గ్లిమెపిరైడ్ ఉంటే: తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది. భోజనం మానేసి జ్యూసు మీద ఉంటే సుగరు దిగజారుతుంది, కాకర దాన్ని ఇంకొంచెం దించుతుంది. చెమటలు, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం వస్తే క్యాంపు వాళ్లు "విషాలు కదులుతున్నాయి" అంటారు. మీరు గ్లూకోమీటర్ తీయండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడండి. మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

డాపాగ్లిఫ్లోజిన్ ఉంటే ఇంకాస్త మెలకువ కావాలి, ఈ సంగతి చాలామందికి తెలీదు. ఆ మాత్ర సుగరుని మూత్రంలోకి వదిలేస్తుంది. దానికి తోడు తిండి బాగా తగ్గిస్తే ఒళ్లు కొవ్వుని కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. మీటర్‌లో మాత్రం సుగరు మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు, "180 ఉంది, బానే ఉంది" అనుకుంటాం. వాంతులు, కడుపునొప్పి, పొడుగైన ఆయాసపు ఊపిరి కలిసి వచ్చాయంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, ఈ మాత్ర వేసుకుంటున్నారనీ, కీటోన్లు చూడమనీ మీరే చెప్పండి.

బీపీకి టెల్మిసార్టాన్ లాంటిది ఉంటే పొటాషియం ఒంట్లో నిలుస్తుంది. కిడ్నీ కొంచెం మందగించిన మనిషి దాని మీద లీటర్ల కొద్దీ కూరగాయల రసం, కొబ్బరినీళ్లు తాగితే పొటాషియం గుండె లయని పాడుచేసేదాకా పెరగొచ్చు. బీపీకి నీళ్లు పోయే మాత్ర ఉండి రాత్రి చూర్ణంతో విరేచనాలవుతుంటే కథ తిరగబడుతుంది, పొటాషియం పడిపోతుంది. మీ కుటుంబం మూలాలు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఉంటే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ఏ రసమూ మొదలుపెట్టకూడదు. అక్కడ కిడ్నీ జబ్బు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, అది చాలాకాలం నొప్పి లేకుండా లోలోపలే ముదురుతుంది.

ఇక ఆనపకాయ. కూరగా వండుకునే ఆనపకాయతో పేచీ లేదు. పచ్చిరసం తీసేటప్పుడు మాత్రం కాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి, చేదుంటే ఉమ్మేసి కాయంతా పారేయాలి. ఆ చేదు కుకుర్బిటాసిన్లనే పదార్థాలది, విరుగుడు మందు లేదు. వాంతులు, నెత్తుటి విరేచనాలు పట్టుకుని బీపీ పడిపోతుంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు ఆనపరసం తాగి చనిపోయాక భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కమిటీ వేసింది. చేదు రసం తాగొద్దని, వేరే రసాలతో కలపొద్దని కమిటీ చెప్పింది. మీ ప్యాకేజీ సరిగ్గా ఆ కలపకూడని పనే చేస్తోంది: కాకర చేదులో ఆనప చేదు దాక్కుంటే నాలుక పట్టుకోలేదు. బీచ్ రోడ్డులో వాకర్ల కోసం పొద్దున్నే పెట్టే బళ్ల దగ్గర ముందే పిండి ఉంచిన రసం తాగేవాళ్లకీ ఇదే చెబుతాను, ఆ కాయ రుచి ఎవరు చూశారో మీకు తెలీదు.

కిలోన్నర తగ్గడం నిజమే, నీళ్లు. లివర్, కండరాల్లో 400–500 గ్రాముల గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే పిండిపదార్థం) ఉంటుంది, ఒక్కో గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గిస్తే ముందు అదే ఖర్చవుతుంది. ఇలాంటి చూర్ణాల్లో చాలావాటిలో ఉండేది సునాముఖి, అంటే నేలతంగేడు. అది పేగు ఖాళీ చేయించే మందు. రెండూ కలిస్తే తూకం దిగుతుంది, ఒళ్లు తేలికవుతుంది. అన్నం తిన్న రెండో రోజుకి బరువు మళ్లీ వచ్చేస్తుంది.

లివర్ ఫ్లష్ అసలు చేయించొద్దు. ఎప్సమ్ సాల్ట్, ఆలివ్ నూనె, నిమ్మరసం వరసగా తాగిస్తారు. మర్నాడు పచ్చటి ఉండలు పడితే పిత్తాశయంలో రాళ్లు పడ్డాయంటారు. అది నూనె కడుపులో కట్టిన సబ్బు ఉండ. 2005లో లాన్సెట్ పత్రికలో ఇలాంటి ఉండల్ని పరీక్షించిన డాక్టర్ల ఉత్తరం వచ్చింది: 40 డిగ్రీల వేడికే పది నిమిషాల్లో కరిగి నూనెలా అయిపోయాయి. నిజం రాళ్లు అలా కరగవు. పైగా నిజంగానే రాళ్లున్న మనిషి ఒక్కసారిగా అంత నూనె తాగితే పిత్తాశయం గట్టిగా ముడుచుకుని రాయి నాళంలో ఇరుక్కునే ప్రమాదముంది. ఎప్సమ్ సాల్ట్‌లో మెగ్నీషియం కూడా మందగించిన కిడ్నీకి భారమే.

చూర్ణం ప్యాకెట్ తిప్పి చూడండి. లైసెన్సు నంబరు, బ్యాచి, తయారీ తేదీ, దినుసులూ వాటి పరిమాణాలూ ఉండాలి. తెల్లటి జిప్ కవర్లో వస్తే ఇంక చదివేదేముంది, పక్కన పెట్టేయండి. దినుసుల్లో నాగభస్మం అంటే సీసం, రససిందూరం అంటే పాదరసం, హరితాళం, మనఃశిల అంటే ఆర్సెనిక్. అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికిందని 2004లో ప్రచురించారు. తిప్పతీగ ఉంటే, పెరటి చెట్టు మందుకి పనికిరాదన్న సామెతకి ఇప్పుడు కొత్త అర్థం వచ్చింది. కోవిడ్ రోజుల్లో దాన్ని తాగి లివర్ దెబ్బతిన్న 43 మంది వివరాలు 13 ఆసుపత్రుల డాక్టర్లు కలిసి 2022లో ప్రచురించారు. తాగింది అసలు తిప్పతీగో, దాన్ని పోలిన తినోస్పోరా క్రిస్పానో అని ఆయుష్ శాఖ వాదించింది. గోడ మీద పాకిన తీగ చూసి ఆ తేడా మీరూ నేనూ పట్టలేం, అందుకే తాగొద్దంటాను. కీళ్లనొప్పుల పొడులు నెలల తరబడి వాడి మొహం ఉబ్బినవాళ్లు ఇంట్లో ఇంకెవరైనా ఉంటే మాత్రం హఠాత్తుగా మాన్పించొద్దు. లోపల స్టెరాయిడ్ కలిసి ఉంటే ఒక్కసారిగా ఆపడమే ప్రమాదం, డాక్టరు చేత మెల్లగా తగ్గించాలి.

ఇలా రాశానని ఇంట్లో మెంతినీళ్లు, జీలకర్ర నీళ్లు, మజ్జిగ, చోడంబలి (రాగి అంబలి) పారబోయకండి. చోడంబలి మంచి తిండి, సుగరు ఉన్నవాళ్లు బెల్లం వేయకుండా తాగాలంతే. వాటిని తిండి అంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇవాళే చేయాల్సింది: జ్యూసు, చూర్ణం ఆపి మామూలు భోజనం పెట్టండి, మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. వాంతులో విరేచనాలో ఉంటే డాక్టరుకి ఫోన్ చేసి మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, టెల్మిసార్టాన్ ఆ ఒకటి రెండు రోజులు ఆపాలేమో అడగండి. రేపు పొద్దున్న రక్తంలో ఎస్‌జీపీటీ (లివర్ పరీక్ష), బిలిరుబిన్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూపించండి. కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రిలోనైనా, మీ దగ్గర్లో ల్యాబులోనైనా ఇవన్నీ రోజూ చేసేవే. మూత్రం టీ డికాక్షన్ రంగుకి తిరిగినా, కళ్లు పచ్చబడినా రేపటిదాకా ఆగొద్దు. వెళ్లేటప్పుడు మిగిలిన చూర్ణం ప్యాకెట్‌తో సహా తీసుకెళ్లండి, ఖాళీ కవరైనా సరే. "ఏదో ఆకుల పొడి" అంటే డాక్టరుకి వెతకడానికేమీ ఉండదు. అనుమానం ఉంటే మందుల దుష్ప్రభావాల గురించి చెప్పే ఉచిత నంబరు 1800 180 3024.