ఒకే మెథడ్, రెండు టైపులు

ప్రశ్న: ఓకామెల్ ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణాంకాల జాబితాకు ఒక క్లాసు రాశాను. జాబితాలోని అంశాలను ఒక్కొక్కటిగా కలుపుతూ ఒకే ఫలితం ఇచ్చే దాని ఫోల్డ్ మెథడ్‌తో మొత్తం లెక్కిస్తే సరిగ్గానే వచ్చింది. అదే ఆబ్జెక్టుతో ఆ అంకెలను కామాలతో కలిపి స్ట్రింగుగా మార్చబోతే టైపు తప్పు అంటోంది. క్లాసుకు టైపు పరామితి (ఏ టైపునైనా నింపగల ఖాళీ) ఇచ్చాను కదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ పరామితే మిమ్మల్ని కట్టేసిందమ్మా. అది క్లాసుకు చెందినది, మెథడ్‌కు కాదు. 'న్యూ'తో పుట్టిన ఆబ్జెక్టులో దాని టైపు ఇంకా తేలదు. మొదటి వాడకంలోనే పూర్ణాంకంగా స్థిరపడిపోతుంది. పరామితిని తీసేసి మెథడ్‌కే టైపు రాయండి: పేరు, కోలన్, కోట్ గుర్తుతో ఏ, ఒక చుక్క, తరువాత అసలు టైపు. ఆ చుక్కను దయచేసి మరవకండి. 'ఏ ఏదైనా సరే' అనే అర్థాన్ని ఇచ్చేది అదే. నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నది దాని దగ్గరే. ఈ సౌకర్యం 2002లో 3.05 వెర్షన్‌తో వచ్చింది.

ఆబ్జెక్టును ఫంక్షన్‌కు పంపేటప్పుడు అక్కడి ఆర్గ్యుమెంటుకూ టైపు రాయాలి. మెథడ్ బహురూపమని, అంటే పలు టైపులతో పనిచేస్తుందని, కంపైలర్ తనంతట ఊహించదు. సిస్టమ్ ఎఫ్ అనే సైద్ధాంతిక టైపు వ్యవస్థలోని పూర్తి బహురూపతకు అలా ఊహించే అల్గారిథమే ఉండదని 1994లో పరిశోధకుడు జె.బి. వెల్స్ నిరూపించారు.