స్కానర్లు కొనే ముందు
బిడ్డా రజితా,

హన్మకొండలో మీ యాభై పడకల దవాఖానలో మందు ఇచ్చే ముందు పేషెంటు చేతి బ్యాండునూ మందునూ స్కాన్ చేసి సరిపోల్చుకునేలా మందులకు బార్‌కోడ్ పెట్టడానికి యాజమాన్యం ఒప్పుకుందని, స్కానర్లకు కొటేషన్లు పిలుస్తున్నావని రాశావు. చాలా సంతోషం. కొటేషన్లు మాత్రం ఒక నెల ఆపు. స్కానర్ అన్నిటికన్నా చివర కొనాల్సిన వస్తువు. అది చదవడానికి మందు మీద ఏముందో ముందు తేల్చుకోవాలి.

2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ ఉండాలని సర్కారు నిబంధన పెట్టింది. అది అసలు మందో నకిలీదో తేల్చుకోవడానికి పనికొస్తుంది. వార్డులో సిస్టర్‌కు అది చాలదు. మిగతా వేల బ్రాండ్ల మీద కోడ్ ఉంటుందన్న భరోసా లేదు. స్ట్రిప్పు మీద చోటు చాలకపోతే పైడబ్బా మీదే వేస్తారు. అన్నిటికీ మించి, పది గోలీల స్ట్రిప్పులోంచి రెండు కత్తిరించి వార్డుకు పంపుతారు కదా, కోడ్ ఉన్న ముక్క ఫార్మసీ డబ్బాలోనే ఉండిపోతుంది. అందుకే వార్డుకు వెళ్లే ప్రతి డోసు మీదా మీ ఫార్మసీ లేబుల్ పడాలి. మనిషికి రోజుకు పది డోసులు అనుకున్నా ఐదు వందల లేబుళ్లు. ఈ పనికి ఒక మనిషిని కేటాయించకుండా మొదలుపెడితే వారంలో ఆగిపోతుంది. గోలీని రేకులోంచి తియ్యనివ్వకు, తేమ తగులుతుంది. రేకుతోనే ఒక్కొక్కటి కత్తిరించి చిన్న జిప్ కవర్లో వేసి, కవరు మీద లేబుల్ అంటించాలి.

లేబుళ్లకన్నా ముందు కంప్యూటర్లో మందుల మాస్టర్, అంటే మందులన్నిటి మూల పట్టిక, సరిచెయ్యి. మందు, బలం, రూపం ఈ మూడూ కలిసి ఒక ఐటమ్. పారాసిటమాల్ 500 ఒకటి, 650 వేరొకటి, సిరప్ ఇంకొకటి. బ్రాండ్లన్నిటినీ వాటి వాటి ఐటమ్ కింద కట్టాలి. స్టాకు అయిపోయి బయటి ఏజెన్సీ నుంచి వేరే బ్రాండు తెప్పించిన రోజున దాని విలువ తెలుస్తుంది. అది మాస్టర్లో లేకపోతే స్కానర్ సరైన మందును పట్టుకుని తప్పంటుంది. ఉత్తుత్తిగా పదేపదే మోగే యంత్రాన్ని ఎవరూ నమ్మరు. నిజంగా తప్పు మందు వచ్చిన రోజున కూడా సిస్టర్ 'ఓకే' నొక్కి ముందుకు పోతుంది. కొత్త బ్రాండును చేర్చే హక్కు ఫార్మసిస్టుకే ఇవ్వండి, దాన్ని రెండో మనిషి మందు చేతిలో పట్టుకుని సరిచూడాలి. మాస్టర్లో ఒక్క తప్పు ముడి పడితే, ఆ మందు తీసుకునే ప్రతి పేషెంటుకూ తప్పు మందే వెళ్తుంది, స్కానరేమో సరేనంటూనే ఉంటుంది.

ప్రింటరు సంగతి. రిబ్బన్ ఉండే థర్మల్ ట్రాన్స్‌ఫర్ రకం, 300 డీపీఐది (అంగుళానికి 300 చుక్కలు) తీసుకో. రిబ్బన్ లేనిది చవక, కానీ మన ఎండకు, స్పిరిట్ తడికి అచ్చు వెలిసిపోతుంది. కోడ్ డేటామాట్రిక్స్ అయితే మేలు, ఆ చిన్న చతురస్రం ఆంపూల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న బుడ్డి) మీద కూడా పడుతుంది. దాన్ని లేజర్ స్కానర్ చదవలేదు, కెమెరాలా బొమ్మ తీసి చదివే 2డి ఇమేజర్ కావాలి. గీతల కోడే వాడాల్సి వస్తే ఆంపూల్ నిలబెట్టినప్పుడు గీతలు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి కనిపించాలి; గీతలు నిలువుగా నిలబడేలా అంటిస్తే కోడ్ గుండ్రంగా చుట్టుకుపోయి కొసలు అందవు. కంపెనీ అచ్చువేసిన పేరును, బలాన్ని లేబుల్ కప్పకూడదు. టేబుల్ మీద ఒకేసారి ఒకే మందు, ఒకే బ్యాచ్ ఉండాలి. ప్రింటైనవి ఎన్ని, అంటించినవి ఎన్ని, చింపేసినవి ఎన్ని, లెక్క తేలాకే రెండో మందు తియ్యాలి. లెక్కకు రాని లేబుల్ మరో మందు మీదికే చేరుతుంది.

అన్ని మందులూ ఒకేసారి ఎత్తుకోకు. ప్రాణం తీసేవాటితో మొదలుపెట్టు. పొటాషియం క్లోరైడ్ 10 ఎంఎల్ ఆంపూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు (పొటాషియం కొలత) ఉంటాయి, సెలైన్‌లో కలపకుండా నేరుగా నరానికి ఎక్కిస్తే గుండె ఆగుతుంది. చూపుకు అది డిస్టిల్డ్ వాటర్ ఆంపూల్‌లాగే ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎంఎల్‌కు 1000 యూనిట్లదీ వస్తుంది, 5000దీ వస్తుంది. ఇన్సులిన్‌లో ఎంఎల్‌కు 40 యూనిట్లది ఉంది, 100ది ఉంది. ఇక్కడ స్కానర్ హద్దు తెలుసుకో. అది వయల్‌ను (ఇంజెక్షన్ మందు సీసాను) గుర్తుపడుతుంది, సిరంజిలోకి ఎంత లాగారో దానికి కనిపించదు. ఎర్రమూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. వాటిని మార్చి వాడితే స్కాన్ సరిగ్గానే ఉంటుంది, డోసు తప్పుతుంది. కాబట్టి ఇన్సులిన్‌కు, హెపారిన్‌కు రెండో సిస్టర్ చూడటం మానొద్దు. లాగిన సిరంజికి అప్పటికప్పుడే లేబుల్ పడాలి.

చేతి బ్యాండ్ మీద కోడ్‌లో పేరు పెట్టకు, ఐపీ నంబరే (దవాఖానలో చేరినప్పుడు ఇచ్చే ఇన్‌పేషెంట్ నంబరు) ఉండాలి. మన వైపు ఒకే వార్డులో ఇద్దరు సమ్మక్కలు, ముగ్గురు లక్ష్ములు ఉండటం కొత్త కాదు. రాజయ్యలు, కొమురయ్యలు, మల్లయ్యల సంగతి చెప్పనే అక్కర్లేదు, పరకాల రాజయ్య అన్నా ఇద్దరు తేలతారు. స్కాన్ చేస్తూ "నీ పేరేంది?" అని అడగమను. "రాజయ్యవేనా?" అని అడిగితే జ్వరంలో ఉన్నవాళ్లు, చెవులు సరిగా వినబడని ముసలోళ్లు ఊఁ అనేస్తారు. బ్యాండ్ పైపూత ఉన్న రకమే కొను, శానిటైజర్‌కు మామూలుది వారంలోపే మసకబారుతుంది.

వరస ఇది: కంప్యూటర్లో పేషెంటు మందుల చార్ట్ తెరవాలి, బ్యాండ్ స్కాన్ చెయ్యాలి, మందు స్కాన్ చెయ్యాలి, అప్పుడు రేకు చింపాలి, మింగించాక 'ఇచ్చాను' అని నొక్కాలి. అన్నీ మంచం పక్కనే జరగాలి. దీనికి అడ్డదారులు తప్పకుండా పుడతాయి. అమెరికాలో రాస్ కాపెల్ అనే పరిశోధకుడి బృందం ఐదు దవాఖానలు పరిశీలించి 2008లో 15 రకాల అడ్డదారులు, వాటికి 31 కారణాలు లెక్కగట్టింది. అన్నిటికన్నా చెడ్డది, బ్యాండ్ నకలు ఒకటి కేస్ షీట్‌కు అంటించుకుని నర్సింగ్ స్టేషన్‌లో కూర్చునే అందరివీ స్కాన్ చెయ్యడం. అప్పుడు రికార్డు పక్కాగా ఉంటుంది, మందు ఎవరికి పోయిందో దేవుడికే తెలియాలి. బ్యాండ్ కోడ్ ముందు, కేస్ షీట్ కోడ్‌లో ఉండని ఒక ప్రత్యేక అక్షరం పెట్టించు, అది లేని కోడ్‌కు మందుల స్క్రీన్ తెరుచుకోకూడదు. బ్యాండ్ రెండోసారి ప్రింట్ చేస్తే ఎవరు చేశారో నమోదు కావాలి.

అడ్డదారి కనబడితే సిస్టర్‌ను మందలించకు, ఆ మంచం దగ్గరికి వెళ్లి చూడు. మూలన వైఫై అందదు. స్కానర్ వైరు చాలదు. సెలైన్ ప్లాస్టర్ కింద బ్యాండ్ దాగి ఉంటుంది. కారణం దొరికితే అడ్డదారి అదే పోతుంది.

కరెంటు, సర్వర్ పోయే రోజుకు నాలుగు గంటలకోసారి ప్రతి వార్డు చార్ట్ కాగితం మీద తీసి ఉంచు. ఆ సమయంలో ఇచ్చినవాటిని తర్వాత ఎక్కించేటప్పుడు 'స్కాన్ లేదు' అని గుర్తు పడాలి.

యాజమాన్యానికి మాత్రం తప్పులు పూర్తిగా పోతాయని మాటివ్వకు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ దవాఖానలో, 2010లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, వేళ తప్పినవి మినహాయిస్తే మందు ఇవ్వడంలో తప్పులు 11.5 శాతం నుంచి 6.8కి దిగాయి. అదీ చిన్న మేలు కాదు. మీరు చూసుకోవాల్సిన అంకె, పేషెంటునీ మందునీ రెండిటినీ స్కాన్ చేసి ఇచ్చిన డోసులు వందకు ఎన్ని అనేది. అమెరికాలో దవాఖానల భద్రతను బేరీజు వేసే లీప్‌ఫ్రాగ్ సంస్థ పెట్టిన గీటురాయి 95. దాన్ని మందుల వారీగా, మంచాల వారీగా ప్రతి వారం చూడు.

ఫిమేల్ మెడికల్ వార్డు ఒక్కదానితో మొదలుపెట్టండి. వానాకాలం డెంగీ జ్వరాల రద్దీలో మాత్రం వద్దు, సంక్రాంతి తర్వాత అనుకూలం. ఈలోపు మాస్టర్‌లో పొటాషియం, హెపారిన్, ఇన్సులిన్ ఉన్న పేజీలు ప్రింట్ తీసి పంపు, బ్రాండ్ల ముడులు నేను సరిచూసి పంపుతాను.

ఇట్లు,
నీ పెద్దబాపు