ఓడ దిగిన కారు ఇంటికి ఎలా?

ప్రశ్న: విదేశం నుంచి కొత్త స్పోర్ట్స్ కారు తెప్పిస్తున్నాను. రేవు నుంచి నడుపుకుంటూ రావచ్చా?

జవాబు: వద్దండి. రిజిస్ట్రేషన్, బీమా పూర్తికాకుండా రోడ్డెక్కించకూడదు. మూసిన ట్రక్కు మాట్లాడుకోండి. ఛాసిస్ నంబరులోని 17 అక్షరాలూ బిల్ ఆఫ్ లేడింగ్‌తో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు పత్రం) సరిచూడండి. కారు అందినట్టు రసీదు మీద సంతకం పెట్టకముందే బంపర్ అడుగు, చక్రాల అంచులు టార్చి వేసి చూడండి. గీత కనిపిస్తే రసీదులోనే రాయించి ఫొటో తీయండి. ఆ తర్వాత చెబితే బీమా సొమ్ము రావడం కష్టం.

అసలు గండం ట్రక్కు ఎక్కించేటప్పుడే. ర్యాంపు కింద చెక్కలు పెట్టి వాలు తగ్గించకపోతే ముందు బంపర్ గీసుకుపోతుంది. బెల్టులు సస్పెన్షన్‌కు కాదు, టైర్ల మీదుగా బిగించాలి. ఓడలో వారాలపాటు ఉంటే బ్యాటరీ దిగిపోయి ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు వదలకపోవచ్చు, కాబట్టి జంప్ స్టార్టర్ (దిగిపోయిన బ్యాటరీకి కరెంటు అందించే పరికరం) దగ్గరుంచుకోండి. స్ప్రింగుల మధ్య రవాణా దిమ్మెలు (ప్రయాణంలో స్ప్రింగులు కదలకుండా పెట్టేవి) ఉంటే తీయించి, టైర్ల గాలి తలుపు దగ్గరి స్టిక్కర్ ప్రకారం సరిచేయించాకే నడపండి.