నోయర్ డిటెక్టివ్‌గా పేరున్న నటుణ్ణి పెడితే కథ చెడిపోతుందా?

మీరు నోయర్ తరహా, అంటే హీరో కూడా దెబ్బలు తినే చీకటి నేరకథల తరహా డిటెక్టివ్ కథ రాసుకున్నారు. అందరికీ తెలిసిన నటుడొకాయన చేస్తానంటున్నాడు. ఆయన ఇమేజ్ కథని మింగేస్తుందేమోనని మీ టెన్షన్. ఆ దెబ్బ నేను ఒకసారి తిన్నాను కాబట్టి చెబుతున్నా: ఇమేజ్‌తో పెద్ద ఇబ్బంది లేదు. ఆ ఇమేజ్‌ని పోగొట్టుకోవడానికి ఆయన ఎంతవరకు సిద్ధం అన్నదే చూసుకోవాలి.

కొన్నేళ్ల కింద విశాఖలో 40 నిమిషాల సినిమా ఒకటి తీశాం. ఫిషింగ్ హార్బర్‌లో కనిపించకుండా పోయిన ఓ గుమాస్తా కోసం వెతికే ప్రైవేట్ డిటెక్టివ్ కథ. సీరియళ్లు చూసే ప్రతి ఇంట్లో తెలిసిన ముఖం ఒకటి దొరికింది. పేరు అనవసరం. మనిషి మంచివాడు, చెప్పిన టైముకి వచ్చేవాడు, మాతోపాటే బండి మీద ఇడ్లీ తినేవాడు. పేచీ అంతా దెబ్బలు తినే సీను దగ్గర వచ్చింది. మేం రాసుకున్నది ఏంటంటే, ముగ్గురు వచ్చి కొడతారు, ఇతను పడిపోతాడు. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "తమ్ముడూ, పడిపోయే ముందు నేనూ ఇద్దర్ని కొడితే బాగుంటుంది కదా" అన్నాడు. కాదనలేకపోయాను. షాట్ అయ్యేసరికి ముగ్గురూ కిందపడి ఉన్నారు, ఆయన చొక్కా కూడా నలగలేదు.

స్నేహితులకి వేసి చూపించినప్పుడు ఆ సీనుకి విజిల్స్ పడ్డాయి. నాకూ సంతోషమేసింది, అబద్ధం ఎందుకు. ఇరవై నిమిషాల తర్వాత అదే మనిషి రాత్రిపూట ఒంటరిగా ఐస్ ఫ్యాక్టరీలోకి వెళ్తుంటే ఎవరికీ భయం వేయలేదు. ముందు వరుసలో ఒకడు ఫోన్ తీశాడు. ముగ్గుర్ని పడగొట్టినవాడికి ఏమవుతుందిలే అనుకుని ఉంటాడు.

ఆ తర్వాత పాత హాలీవుడ్ సినిమాలు వెతుక్కుని చూడటం మొదలుపెట్టాను. అందులో డిక్ పావెల్ వ్యవహారం మీకు బాగా పనికొస్తుంది. 1930లలో ఆయన వార్నర్ బ్రదర్స్ మ్యూజికల్స్‌లో నవ్వుతూ పాటలు పాడే కుర్రాడు. అలాంటివాణ్ణి 1944లో రేమండ్ చాండ్లర్ నవలలోని డిటెక్టివ్ ఫిలిప్ మార్లోగా పెట్టారు. నవల పేరు 'ఫేర్‌వెల్, మై లవ్లీ'. ఆ పేరుతోనే వదిలితే, పావెల్ ఉన్నాడు కదా, ఇదీ పాటల సినిమానే అనుకుంటున్నారని 'మర్డర్, మై స్వీట్' అని మార్చేశారు. అంటే ఇమేజ్ ఎంత బరువుగా ఉందో చూడండి.

మరి దర్శకుడు ఎడ్వర్డ్ డిమిట్రిక్ ఏం చేశాడు? సినిమా మొదలయ్యేసరికే హీరో కళ్లకి కట్టు కట్టి, నెత్తిన లైటు పెట్టి పోలీసుల ముందు కూర్చోబెట్టాడు. పాటలు పాడిన అందమైన ముఖంలో సగం కట్టు కిందే పోయింది. ఇక కథంతా ఇతను ఎలా దెబ్బలు తిన్నాడో, తనకి మత్తుమందు ఎలా ఎక్కించారో తనే చెప్పుకొస్తాడు. పాత చిలిపితనం మాత్రం తీసేయలేదు. కోటీశ్వరుడి బంగళాలో నున్నటి గళ్ల నేల కనిపించగానే తొక్కుడుబిళ్ల ఆడే పిల్లాడిలా గెంతుతాడు. అదే మనిషిని తర్వాత చితకబాదుతారు కాబట్టే మనకి నొప్పి తెలుస్తుంది.

ఇంకో హాలీవుడ్ నటుడు హంఫ్రీ బోగార్ట్ సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. 1941లో 'ది మాల్టీస్ ఫాల్కన్' ముందు జార్జ్ రాఫ్ట్ దగ్గరికి వెళ్లింది. జాన్ హ్యూస్టన్‌కి అది దర్శకుడిగా మొదటి సినిమా, రాఫ్ట్ వద్దన్నాడు, పాత్ర బోగార్ట్‌కి వచ్చింది. ఆ సినిమాకి ఆధారమైన నవలలో డిటెక్టివ్ శామ్ స్పేడ్ పొడగరి, లేతరంగు జుట్టువాడు. బోగార్ట్ అందులో ఏదీ కాదు. అయినా ఇప్పుడు ఆ పాత్ర పేరు చెబితే గుర్తొచ్చేది ఆయనే. పోలికల గురించి బెంగపడొద్దని మాత్రమే దీని అర్థం.

మన దగ్గర 1986లో 'చంటబ్బాయ్'లో జంధ్యాల చిరంజీవిని డిటెక్టివ్‌గా పెట్టి నవ్వులపాలు చేయించారు. అది నోయర్ కాదు, పూర్తి కామెడీ. కానీ మాస్ హీరో అలా నవ్వులపాలవడానికి ఒప్పుకున్నాడు చూడండి, నేనడిగేది ఆ ఒప్పుకోలునే.

మా సినిమాలోనూ ఒక్క షాట్ బాగుంది. వానలో తీసిన సీను అయ్యాక ఆయన ఓ మూసిన కొట్టు మెట్టు మీద కూర్చుని, బూటు విప్పి, నీళ్లు వంపి, తడిసిన సాక్సు పిండుకుంటున్నాడు. కట్ చెప్పాం అనుకున్నాడు, కెమెరా ఆగలేదు. ఆ ముఖంలో అలసట తప్ప ఏమీ లేదు. తర్వాత చూపించి, ఉంచమంటారా అని అడిగితే కాసేపు ఆలోచించి, "ముసలాడిలా ఉన్నాను, ఉంచు" అన్నాడు. ఆ పది సెకన్లే ఇప్పటికీ నలుగురికీ చూపిస్తుంటాను.

ఈమధ్య ఇంకో డిటెక్టివ్ కథ రాశాను. ఈసారి ఇంట్రోతో కాకుండా, దెబ్బలు తినే సీనుతోనే నెరేషన్ మొదలుపెడుతున్నా. మొదట విన్న నటుడు మధ్యలోనే ఆపి ఫైట్ మాస్టర్ ఎవరని అడిగాడు. రెండో ఆయన మాత్రం, "మూతి వాపు ఎన్ని సీన్ల వరకు ఉంటుంది?" అన్నాడు. ఆయనతోనే డేట్స్ మాట్లాడుతున్నాం.